మాస్టారు చెప్పని చోటు

భావనారాయణ మాస్టారు అబద్ధం ఆడరు. ఫోటో ఎక్కడ తీశారని అడిగితే మాత్రం నిజం చెప్పరు.

మొదటి మాటకి సాక్షులు అరసవల్లి నిండా ఉన్నారు. పక్కింటి కుర్రాడి గురించి వాకబు చేయడానికి ఆడపిల్లవారు వస్తే, "బంగారంలాంటి పిల్లాడు, గురక మాత్రం మా వంటింట్లోకి వినిపిస్తుంది" అని చెప్పి పంపించారు. మేనల్లుడి వయొలిన్ కచేరీ అయ్యాక నాలుగు మంచి మాటలు చెప్పమంటే, శ్రుతి కలిసినంతసేపూ బాగుందని చెప్పి కూర్చున్నారు. ఆ మేనల్లుడు ఇప్పటికీ వాళ్ళింటి గడప తొక్కడు. హైస్కూల్లో తెలుగు పండితులుగా ఉన్నన్నాళ్ళూ, ఇనస్పెక్షనుకి వచ్చిన అధికారి బోర్డు మీద ఏం రాసినా ముందు అందులో తప్పు దిద్ది తర్వాత నమస్కారం పెట్టేవారు.

రెండో మాటకి ప్రధాన సాక్షి త్రినాథ్. పొలాలు దున్నుకునే ఇంట్లో పుట్టి, మాస్టారి దగ్గర చదువుకుని, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. ఈ రోజుల్లో స్టూడియో నడవాలంటే పెళ్ళి ఫోటోలు తీస్తే చాలదు. పెళ్ళికి ముందే పిల్లనీ పిల్లాణ్ణీ ఏదో అందమైన చోటికి తీసుకెళ్ళి, వాళ్ళు ఒకరినొకరు ఇప్పుడే చూసుకుని మురిసిపోతున్నట్టు తీయాలి. అందమైన చోట్లేమో తక్కువ. ఊళ్ళో స్టూడియోలన్నీ ఒకే బీచికి పోతాయి. అక్కడ ఒకే పాత పడవ. ఆదివారం నాడు ఆ పడవ ముందు పెళ్ళికాబోయే జంటలు రేషను షాపు దగ్గరలా వరసలో నిలబడి ఉంటారు. కొత్త చోటు దొరికినవాడే మొనగాడు.

కొత్త చోట్లు పట్టడంలో మాస్టారిని మించినవారు రెండు జిల్లాల్లోనూ లేరు. రిటైరయ్యాక ఒక కెమెరా కొనుక్కుని, పాత స్కూటరేసుకుని తిరగడం మొదలుపెట్టారు. మనుషుల్ని తీయరు. కొండ, నీరు, పొగమంచు, ఒంటి తాటిచెట్టు, అంతే. ప్రింట్లు వేయించడానికి త్రినాథ్ దగ్గరికే వస్తారు. ఒక్కో ప్రింటు మెషిన్లోంచి బయటికి వస్తుంటే త్రినాథ్‌కి నోట్లో నీళ్ళూరేవి.

"ఎక్కడండి మాస్టారూ ఇది?" అని మొదటిసారి అడిగినప్పుడు, మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, దాని పేరు నీలోత్పల తీరమనీ, ఆమదాలవలస దాటాక రైలుగేటు దగ్గర కుడివైపు తిరిగితే కాలవగట్టు వస్తుందనీ, గట్టు పట్టుకుని పోతే కనిపిస్తుందనీ చెప్పారు. త్రినాథ్ ఒక జంటని వ్యానులో ఎక్కించుకుని వెళ్ళాడు. కాలవగట్టు వచ్చింది. గట్టు చివర ఒక టీకొట్టు వచ్చింది. ఫోటోలో ఉన్న కలువలు రాలేదు, కొండా రాలేదు. కాలవలో మోకాలి లోతు నీళ్ళు, గట్టు మీద వేపచెట్టు నీడ. టీకొట్టు నడిపే జగ్గమ్మ పెళ్ళికూతురికి బల్ల తుడిచి వేసి, అల్లం టీ ఇచ్చింది. ఇక చేసేదేముందని త్రినాథ్ వాళ్ళని నీళ్ళలో నడిపించి ఫోటోలు తీసుకుని వచ్చేశాడు.

రెండోసారి ఇంకో ఫోటో చూసి అడిగితే, అది హంసావళి రేవు, రాజాం వైపు వెళ్ళి వెనక్కి తిరిగి రావాలన్నారు. వెనక్కి తిరిగి వచ్చాడు. జగ్గమ్మ టీకొట్టు వచ్చింది.

మూడోసారి చంద్రకాంత ఘట్టం. ఈసారి పొందూరు మీదుగా. దారి వేరు, పేరు వేరు, ఈసారైనా నిజమై ఉంటుందనుకున్నాడు. వ్యాను ఇంకా ఆగకముందే జగ్గమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టేసింది. "మళ్ళీ మాస్టారేనేటి పంపించింది?" అని అడిగింది.

మాస్టారికి మరీ ఓపిక లేనిరోజు ఇంకో పద్ధతి ఉండేది. డ్రోను ఎగరేసే ధనరాజు ఒక కొండ ఫోటో చూసి, ఆ కొండ ఎక్కడని పట్టుకుని వదల్లేదు. అది భోగాపురం దగ్గరుండేదనీ, ఎయిర్‌పోర్టు కోసం చదును చేసేశారనీ, పాపం ఇప్పుడు లేదనీ చెప్పారు మాస్టారు. ఆ ఉపాయం బాగా కుదిరింది. తర్వాత ఒక తామర చెరువూ, ఒక తాటితోపూ, చివరికి ఏటి మధ్యలో ఉన్న ఒక దిబ్బా కూడా అక్కడికే పోయాయి. మాస్టారి లెక్కన రెండు జిల్లాల అందమంతా ఆ రన్‌వే కిందే ఉంది.

ఒకసారి టౌన్‌హాల్లో ఆయన ఫోటోలు ప్రదర్శనకి పెట్టారు. ఒక్కో ఫోటో కిందా ఊరి పేరు, అన్నీ కల్పితమే. బూర్జ వైపు నుంచి వచ్చిన సోములు అనే రైతు ఒక ఫోటో ముందు ఆగిపోయి, "ఇది మా ఊరి సెరువు కాదేటండి?" అన్నాడు. కాదన్నారు మాస్టారు. అదిగో మా కళ్ళం, అదిగో మా తాటిచెట్టు అన్నాడు సోములు. తాటిచెట్టుకి తాటిచెట్టు పోలిక ఉండడం సహజమేననీ, మనిషి తన ఊరిని ప్రతిచోటా చూసుకుంటాడనీ, దాన్ని భ్రాంతిమదలంకారం అంటారనీ మాస్టారు వివరించారు. సోములు చాలాసేపు విని, మా సెరువు గట్టు ఇంకొంచెం వంకర ఉంటాది లెండి అని ఒప్పుకుని, సొంత ఊరి మీద కొంచెం అనుమానంతోనే బస్సెక్కాడు.

ఇంట్లో కూడా ఇదే వరస. మాస్టారి భార్య లక్ష్మీకామేశ్వరి గారు పొద్దున్నే పులిహోర కట్టి ఇస్తారు, సాయంత్రం ఏ ఊరు వెళ్ళేరని అడగరు. అడిగి లాభం లేదని ఆవిడ త్రినాథ్‌కి చెప్పారు. చొక్కాకి అంటుకున్న మట్టి ఎర్రగా ఉందా నల్లగా ఉందా అని చూసి ఎటు వెళ్ళారో తెలుసుకుంటారట.

ఊళ్ళో ఫోటోగ్రాఫర్లంతా కూడబలుక్కుంటే తేలిందేమిటంటే, మాస్టారు ఎవరిని ఎక్కడికి పంపినా అక్కడ నాలుగు ఉంటాయి: లోతులేని నీళ్ళు, చెట్టునీడ, ఫోను సిగ్నలు, టీకొట్టు. అందులోనూ సగం మంది జగ్గమ్మ కొట్టుకే చేరతారు. టీకొట్టువాళ్ళ దగ్గర ఆయనకేదో వాటా ఉందన్నాడు ధనరాజు. ఆ మాట విని త్రినాథ్ కూడా నవ్వాడు. టీకొట్టు మాస్టారు అనే పేరు అప్పుడే వచ్చింది.

జగ్గమ్మ కొట్టులో పంచదార డబ్బాల పైన దండ వేసిన ఒక కుర్రాడి ఫోటో ఉండేది. మూడోసారి వెళ్ళినప్పుడు త్రినాథ్ అడిగాడు. తన కొడుకేనని, పేరు నాగబాబని, డిగ్రీ చదువుతూ ఏదో గెడ్డలో, కొండవాగులో పడి పోయాడని ఆవిడ గ్లాసులు కడుగుతూనే చెప్పింది. "నీలాగే ఫోటోల పిచ్చి" అంది. త్రినాథ్ ఇంకో టీ అడిగాడు.

కిందటేడు వానలు తగ్గాక మాస్టారి స్కూటరు మొరాయించింది. ఒక చోటు చూడాలి, వ్యాను తెస్తావా అని త్రినాథ్‌ని అడిగారు. త్రినాథ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇన్నాళ్ళకి పాము తన పుట్టని తానే చూపిస్తోందనుకున్నాడు. కెమెరాలు, బ్యాటరీలు, స్టాండూ అన్నీ సర్దుకున్నాడు.

మాస్టారు నరసన్నపేట వైపు దారి చెప్పి, ఒక మామూలు చెరువు గట్టు దగ్గర ఆపించారు. ఫోటోకి పనికొచ్చేది అక్కడ ఒక్కటీ లేదు. మాస్టారు పంచె ఎగ్గట్టి, పొడుగాటి కర్ర పట్టుకుని నీళ్ళలోకి దిగారు. అడుగు తీసి అడుగు వేస్తూ, ప్రతి అడుక్కీ ముందు కర్ర గుచ్చి చూస్తూ, ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. మేకలు కాసుకునే ఆయన్ని పిలిచి, వానాకాలంలో నీరెంతవరకూ వస్తుందని అడిగారు. ఫోను పైకెత్తి సిగ్నలు చూశారు. గట్టు కింద టీకొట్టులో టీ తాగి, కొట్టు రోజూ తీస్తారా, పొద్దు వాలేదాకా ఉంటారా అని విచారించారు. కెమెరా సంచి జిప్పు మాత్రం తీయలేదు.

ఫోటో తీయరా మాస్టారూ అని త్రినాథ్ అడిగాడు.

"ఇక్కడ తీయడానికేముందిరా?"

"మరెందుకొచ్చినామండి?"

"రేపు నువ్వడిగితే చెప్పడానికి," అన్నారు మాస్టారు, పంచె పిండుకుంటూ.

త్రినాథ్‌కి నవ్వు రాబోయి ఆగిపోయింది. మాస్టారు నవ్వడంలేదు. ఫోటో తీసే చోటు పూట తిరిగితే దొరుకుతుందనీ, అబద్ధం చెప్పే చోటు దొరకడానికే వారాలు పడుతుందనీ, మోకాలి లోతు నీళ్ళలో కూడా మధ్యలో గొయ్యి ఉంటే కష్టమనీ ఆయన మామూలుగా చెప్పుకుంటూ పోయారు. త్రినాథ్ వింటున్నాడు. ఇన్నేళ్ళూ తను తిట్టుకుంటూ తిరిగిన కాలవలన్నీ, తనకంటే ముందు ఈ ముసలాయన కర్ర పట్టుకుని ఒక్కడే దిగి చూసినవే.

ఎప్పుడు మొదలైందో కూడా గట్టు మీద కూర్చుని ఆయనే చెప్పారు. పాతపట్నం అవతల కొండల్లో తేనెగెడ్డ అని ఒక వాగు ఉంది. ఆయన తీసిన మొదటి మంచి ఫోటో అదే. పేపరు ఆదివారం పేజీలో పడింది. అది చూసి, ఒకప్పుడు తన దగ్గర చదువుకున్న కుర్రాడు ఇంటికొచ్చాడు. అప్పటికింకా మాస్టారు ఫోటోల విషయంలోనూ అబద్ధమాడరు. ఒకడు అడిగాడు కదా అన్న సంబరంలో, ఏ మలుపు తిరగాలో, ఏ బండ మీద నిలబడితే బాగా కనిపిస్తుందో ఓపిగ్గా చెప్పారు. కుర్రాడు కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు.

"ఆ బండ మీద నాచు ఉంటుందని చెప్పలేదురా," అన్నారు మాస్టారు. "నా కాలు జారలేదు. అందుకని తోచలేదు."

త్రినాథ్‌కి జగ్గమ్మ కొట్టులో దండ వేసిన ఫోటో గుర్తొచ్చింది. నాగబాబా అండి అని అడిగాడు. మాస్టారు తలూపారు. జగ్గమ్మకి తెలుసా అంటే, ఎలా చెప్పనురా అన్నారు. టీ తాగడానికి అక్కడికి వెళ్తూనే ఉంటారు, కానీ డబ్బాల వైపు వీపు పెట్టి కూర్చుంటారు. తను చేయగలిగిందల్లా నలుగురిని అటు పంపడం. గిన్నె పొయ్యి మీద ఉంటే ఆవిడకి పొద్దు గడుస్తుందని ఆయన అనుకున్నారు.

ఆ తర్వాత త్రినాథ్‌కి ఏ పనిమీదా మనసు నిలవలేదు. ఒకనాడు జంటా లేకుండా, కెమెరా లేకుండా జగ్గమ్మ కొట్టుకి వెళ్ళి కూర్చున్నాడు. టీ చల్లారిపోతోంది. జగ్గమ్మే అతని మొహం చూసి అడిగింది.

"మాస్టారు నీకు సెప్పేసినారేటి?"

త్రినాథ్ ఉలిక్కిపడ్డాడు. ఆవిడకి మొదటినుంచీ తెలుసు. బయల్దేరే రోజు పొద్దున్న నాగబాబు తల్లికి చెప్పే వెళ్ళాడు, మాస్టారే దారి చెప్పారని, మాస్టారంతటివారు తనకి అంతసేపు చెప్పారని మురిసిపోయాడు. మొదట్లో ఆవిడకి ఆయన మీద కోపంగానే ఉండేదట. ఎదురుపడితే అడిగేద్దామనుకునేది. తర్వాత ఒకనాడు ఆయన ఈ కాలవలోకి దిగి, కర్ర గుచ్చి గుచ్చి చూసుకోవడం కొట్టులోంచి చూసింది.

"అంత పెద్దాయన నీలల్లో ఒంగోని తడుంకుంతన్నాడు," అంది జగ్గమ్మ. "ఆయన్ని నానేటి అడగను నాయనా? టీ పెట్టినాను."

కాసేపటికి మళ్ళీ ఆవిడే అంది. "నన్నొక పాలి అక్కడికి తీసుకెల్లమని సెప్పు. మా ఓడు సూసినది నాను సూడాల."

త్రినాథ్ ఆ మాట అరసవల్లి మోసుకెళ్ళాడు. జగ్గమ్మకి అన్నీ తెలుసని చెప్తున్నప్పుడు మాస్టారు తలవంచుకుని విన్నారు. తేనెగెడ్డకి తీసుకెళ్ళమంటోందని చెప్పగానే మాత్రం లేచి నిలబడ్డారు.

"తేనెగెడ్డా? అది ఎయిర్‌పోర్టు కిందకి పోయిందిరా," అన్నారు. పాతపట్నమెక్కడ, భోగాపురమెక్కడ. అలవాటైన అబద్ధం తప్ప ఆయనకి ఆ క్షణాన పట్టుకోవడానికి ఇంకేమీ దొరకలేదు.

లక్ష్మీకామేశ్వరి గారు వంటింటి గుమ్మంలోంచి విన్నారు. ఏ ఊరు వెళ్ళేరని ఎప్పుడూ అడగని మనిషి, ఆ రోజు మొగుడి పక్కన వచ్చి కూర్చున్నారు. "రేపు పులిహోర నలుగురికి కడతాను," అన్నారు. "నేనూ వస్తాను. నాకూ ఒక్కసారి దారి చూపించండి."

మర్నాడు జగ్గమ్మని కొట్టు దగ్గర ఎక్కించుకుని వ్యాను బయల్దేరింది. మాస్టారు ముందు సీట్లో కూర్చుని దారి చెప్పారు. కుడి అంటే కుడే వచ్చింది, వంతెన అంటే వంతెనే వచ్చింది. ఆయన చెప్పిన చోటుకి చెప్పినట్టు చేరడం త్రినాథ్‌కి అదే మొదటిసారి. వ్యాను ఆపి కొండదారిన నడిచారు. మాస్టారు ముందు నడుస్తూ, ప్రతి రాయినీ కర్రతో తట్టి చూసి, తర్వాతే జగ్గమ్మని అడుగు వేయమన్నారు.

తేనెగెడ్డ నిజంగానే అందంగా ఉంది. అదే బాధ. నల్లటి బండల మధ్య నుంచి నీళ్ళు తేనె రంగులో జారి, కింద మడుగులో పచ్చగా నిలిచిపోతున్నాయి. మడుగు వెనక కొండ, కొండ భుజం మీద మబ్బు. త్రినాథ్ చెయ్యి అలవాటు కొద్దీ కెమెరా సంచి మీదకి పోయి, వెనక్కి వచ్చేసింది.

ఏ బండ అని జగ్గమ్మ అడిగింది. మాస్టారు చూపించారు. నిలబడితే జారుతుందేమోనని ఆవిడ దాని మీద నిలబడలేదు, కింద నీళ్ళలో చీర తడుపుకుంటూ పక్కకి వెళ్ళి, దాన్ని పట్టుకుని నిలబడి, కొడుకు చూసినవైపు చూసింది. చాలాసేపు చూసింది. లక్ష్మీకామేశ్వరి గారు వెళ్ళి ఆవిడ భుజం పట్టుకున్నారు.

నాచు సంగతి చెప్పలేదమ్మా అన్నారు మాస్టారు. ముప్పై ఏళ్ళు పద్యాలు చెప్పిన గొంతుకి ఆ ఒక్క ముక్కే మిగిలింది.

జగ్గమ్మ వెనక్కి తిరగలేదు. "ఆడికి ఈత రాదని నాకు తెల్దేటి మాస్టరూ?" అంది. "అయినా ఎల్లొద్దని నాననేదు. అంత సంబరంగా ఉన్నాడు." ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. "శానా బాగున్నాది. ఏడుద్దామన్నా ఏడుపు రాదు, అంత బాగున్నాది. మీరు ఆడికి మంచిదే సూపించినారు."

మాస్టారు బండ పక్కనే నీళ్ళలో కూర్చుండిపోయారు. ఆయన ఏడుస్తుంటే ఎవరూ ఆపలేదు. తర్వాత నలుగురూ ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నారు. జగ్గమ్మ ఒక ముద్ద ఆకులో పెట్టి బండ మీద ఉంచింది. మిరపకాయ తీసేసి మరీ పెట్టింది, మా ఓడు కారం తినడు అని చెప్పి.

దిగి వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. కొత్తగా పెళ్ళైనట్టున్న జంట. పిల్ల చేతిలో ఫోను తగిలించే పొడుగు కర్ర. శ్రీకాకుళం నుంచి వస్తున్నామనీ, తేనెగెడ్డ అని ఎవరో చెప్పారనీ, ఇటేనా అనీ అడిగాడు కుర్రాడు.

త్రినాథ్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నోరు తెరిచారు. పొద్దుటినుంచీ నిజాలే చెప్పి చెప్పి ఆయనకి అబద్ధం అందుబాటులో లేకుండా పోయింది.

"గెడ్డా?" అంది జగ్గమ్మ. "అదెండిపోయి శానా కాలమైనాది బాబూ. రాళ్ళే. పైగా ఎలుగుబంట్లు దిగినాయి. అయిదో ఆరో ఉన్నాయి, పిల్లల్తో."

పెళ్ళికూతురు జగ్గమ్మ చీర వైపు చూసింది. కుచ్చెళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎండిపోతే మీ చీర తడిసిందేంటండి అని అడిగింది.

"సెమట," అంది జగ్గమ్మ.

ఆ జంట ఇంక గెడ్డ సంగతి అడగలేదు. మీరెలాగూ శ్రీకాకుళమేపే ఎల్లాల కాబట్టి, పొందూరు దాటి రండి, కాలవగట్టు ఉన్నాది, మోకాటి లోతే, ఏపసెట్టు నీడ ఉన్నాది, ఫోటోలు బలే పడతాయి అని ఆవిడ దారంతా విడమరిచి చెప్పింది. ఆ చోటు పేరేంటండి అని కుర్రాడు అడిగాడు. అక్కడ మాత్రం ఆవిడ తడబడి మాస్టారి వైపు చూసింది.

"మందాకినీ పులినం," అన్నారు మాస్టారు.

మోటారు సైకిలు వెనక్కి తిరిగి, మలుపు దాటి కనిపించకుండా పోయింది. మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"జగ్గమ్మా, ఎలుగుబంటి ఒకటి చాలును," అన్నారు. "పిల్లల్తో సహా అయిదారంటే అతిశయోక్తి అవుతుంది. నమ్మరు."

"నమ్మినారు కదా. బేగి బండెక్కండి మాస్టరూ," అంది జగ్గమ్మ, చీర పిండుకుంటూ. "ఆళ్ళకంటే ముందెల్లి టీ పెట్టాల."